మంద నడకకు తగిన నడక

వేదభాగము: ఆదికాండము 33:12–14, యెహెజ్కేలు 3:14–17, 1 థెస్సలొనీకయులకు 2:7–8



ఇరువది యేండ్ల యెడబాటు తరువాత ఏశావు తమ్ముని కలిసికొని, కూడి పోవుదమని పిలిచెను. అతని వెంట నాలుగు వందల మంది మగవారుండిరి. యాకోబు వెంటనో పసిబిడ్డలును పాడి మందలును ఉండెను. ఒక్కనాడు తొందరపెట్టి తోలినను మంద బ్రదుకదని చెప్పి, యాకోబు వెనుక నిలిచెను. ఆ మాటలో అన్నయెడల భయము కొంత కలసియుండవచ్చును; అయినను మందనుగూర్చి అతడు చెప్పినది నిజమే. మంద ఎంత వేగముగా నడువవలెనో నిర్ణయించునది బలిసిన పొట్టేలు కాదు, పాలిచ్చు గొఱ్ఱెయు దాని పిల్లయునే.

కాపరి మృదుత్వమనగా తీపిమాటలు కావు. బలహీనుని నడకకు తన నడకను తగ్గించుకొనుటయే.

యెహెజ్కేలు చెరలోనివారియొద్దకు పంపబడినప్పుడు, తేలాబీబులో వారి నడుమ ఏడు దినములు ఊరక కూర్చుండెను. ఆ దినములు గడచిన పిమ్మటనే దేవుడు అతనిని కావలివానిగా నియమించెను. ముందు కూర్చుండుట, పిమ్మట హెచ్చరించుట. దేవుడు చూపిన క్రమము ఇది.

ఈ క్రమమును మేము తలక్రిందులు చేసిన దినమొకటి కలదు. ఒక సహోదరి మూడు ఆదివారములు ఆరాధనకు రాలేదు. నాట్ల కూలికి ఆశపడెనని తలంచి, పేరు చెప్పకున్నను అందరికిని తెలియునట్లు ప్రసంగములో గద్దించితిమి. ఆ వారమే ఆ వాడలో మరియొకరిని చూడబోవుచు ఆమె యింటి ముందు ఆగితిమి. పక్షవాతముతో పడియున్న అత్తగారిని ఆమె ఒక్కతే లేవనెత్తి నీళ్లు పోయుచున్నది. మమ్మును చూచి, "అయ్యగారూ, ఎండన పడి వచ్చారు, కూచోండి" అని మంచము వాల్చినది. ఒక్క నిష్ఠూరపు మాటయు ఆడలేదు. ఆ వీధిగుండ ఎన్నిసార్లో మోటారుసైకిలుపై పోయితిమి గాని, ఒక్కసారియు దిగలేదు. మరుసటి ఆదివారము సంఘము ఎదుట క్షమాపణ వేడితిమి. ఆ సాయంకాలమే పెద్దలతో ఆ యింటికి పోయి, అత్తాకోడండ్లకు ప్రభురాత్రి భోజనమిచ్చితిమి.

1912లో బిషపుగా అభిషిక్తులైన దోర్నకల్ అజరయ్యగారు తమిళదేశమునుండి వచ్చినవారు. వారు తెలుగు నేర్చుకొని, ఎడ్లబండిపై పల్లెపల్లెకు పోయి, 1945లో దోర్నకల్‌లోనే కన్నుమూసిరి. నేడు మాకు వేగముగల బండియు చేతిలో ఫోనును కలవు. వాటివలన మేలు కలదు. అయితే ఎడ్లబండిపై పోవువానికి దారిప్రక్క మనుష్యుని ముఖము కనబడును. మేము దానిని దాటి పోవుచున్నాము.

పౌలు తన్ను పాలిచ్చు తల్లితో పోల్చుకొనెను. దూరమునుండి పాలిచ్చు తల్లి లేదు గదా! సువార్తతోకూడ తన ప్రాణమును ఇచ్చుటకు ఆయన సిద్ధపడెను. ఈ పాఠము కాపరులకు మాత్రమే కాదు. సంఘపెద్దలకును, ఆదివారపు బడి ఉపాధ్యాయులకును, స్త్రీల సమాజమువారికిని చెందును.

ఆలోచించుడి: మన సంఘములో వెనుకబడినవారెవరు? వారు రాకపోవుటకు కారణము మనము అడిగి తెలిసికొంటిమా, ఊహించితిమా?

ఈ నెలలో మనలో ప్రతివారును ఒక్క యింటి ముందు ఆగి, బండి దిగి, వారు చెప్పునది ముగియువరకు కూర్చుందము. మంచి కాపరి మనకొరకు ఎంత మెల్లగా నడచుచున్నాడో అప్పుడు కొంత గ్రహింతుము. ఆమేన్.