మిగిలిన పండగ

పాపా,

తప్పు నీది కాదు, ఆ ఊరి గాలిది. క్రిస్మస్ రోజు ఇంటావిడ ఇచ్చిన అన్నంలో కొంత వడియాలు పెట్టి బాల్కనీలో ఎండేసినానని, మూడోనాటికి ముక్కు మూసుకొని పారేసినానని రాసినావు. చదివి ముందు నవ్వినాను, తర్వాత నన్నే తిట్టుకున్నాను. అన్నం మిగిలితే జీలకర్ర, పచ్చిమిరపకాయ నూరి వేసి వడియాలు పెట్టుకోవాలని నీ చిన్నప్పుడు చెప్పింది నేనే కదా. ఏ ఊర్లో పెట్టాలో మాత్రం చెప్పలేదు.

మన కదిరిలో మిద్దె మీద పాత చీర పరిచి పొద్దున పెడితే మాపటికి పైపొర గట్టిపడుతుంది, రెండో ఎండకు చీర విదిలిస్తే రాలి పడతాయి. (కదిరిని 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలో కలిపినారు. కాగితాల మీద ఏమన్నా రాసుకోనీ, నా నోటికి అనంతపురమే వస్తుంది.) మనకు ఏడాదంతా కలిపి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే చాలనుకుంటాం. నువ్వున్న ఫిలిప్పీన్స్ దావావోలో దానికి దాదాపు మూడింతలు, అదీ వాన లేని నెల అంటూ లేకుండా. మన గాలికి ఎప్పుడూ దాహమే, తడి కనబడితే తాగేస్తుంది. మీ గాలి కడుపు నిండిన గాలి. దాని ముందు నువ్వు వడియాలు పెడితే అదేం చేస్తుంది పాపం?

ఎండడం అంటే ఏమిటో మా నాయన దగ్గర నేర్చుకున్నాను. శెనక్కాయ పీకి, చెట్లు ఆరేసి, కాయలు తెంపి కల్లంలో పరిచినాక రోజూ సాయంత్రం ఒక పిడికెడు తీసి చెవి దగ్గర పెట్టుకొని ఆడించేవాడు. లోపల గింజ గలగలమంటే ఎండినట్టు. మూగగా ఉంటే ఇంకో ఎండ. ఆయనకు యంత్రం లేదు, కొలత లేదు, ఆ చెవి ఒక్కటే. ఒక ఏడు కల్లంలో ఉండగానే ముసురు పట్టింది. అప్పులవాళ్ల తొందర, ఇంట్లో అందరి తొందర. సగం ఎండిన కాయనే మూటలు కట్టేసినాం. వారం తర్వాత మూటలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది, జ్వరం వచ్చినవాడి కడుపు తాకినట్టు. విప్పి చూస్తే పచ్చని బూజు. పైపైన ఏరి, కడిగి, వేయించుకుందామని మా అమ్మ అన్నది. నాయన ఒప్పుకోలేదు, గుంత తవ్వి పూడ్చినాడు. ఆ రోజు ఆయన అన్నం తినలేదు. వేయించినా ఆ విషం పోదని, అది కాలేయాన్ని తింటుందని, దాని పేరు అఫ్లటాక్సిన్ అని చానా ఏళ్ల తర్వాత వ్యవసాయ ఆఫీసర్ చెప్తే విన్నాను. పటాన్‌చెరువు ఇక్రిశాట్‌లో చదువుకున్నవాళ్లు ఏళ్ల తరబడి ఈ బూజు మీద పని చేస్తున్నారంట. మా నాయనకు ఆ పేరు తెలియదు, వాసన తెలుసు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, నువ్వు ఉత్తరంలో అడిగింది "ఇవన్నీ ఏం చెయ్యాలి పెద్దమ్మా" అని. ఆ ప్రశ్నకు ముందు ఇంకొకటి ఉంది: దీంట్లో తడి ఎంత ఉంది? మిగిలినదాన్ని గలగలమనేదాకా ఎండబెట్టాలి, లేకపోతే పులుపులో వెయ్యాలి. నడిమధ్యలో వెచ్చగా, తడిగా, మూతపెట్టి ఉంచినావా, అది నీకోసం కాక పురుగుల కోసం వండినట్టే. మనకు ఎండ ఉంది కాబట్టి ఎండబెట్టడం బాగా వచ్చింది. నువ్వున్న దేశానికి పులుపు బాగా వచ్చింది. ఆ సంగతి నాకు ఎట్ల తెలుసంటావేమో.

1996లో నేను కువైట్‌కు పోయినప్పుడు నేను పని చేసిన ఇంటి వంటింట్లో నాతోపాటు బటాంగాస్ నుంచి వచ్చిన ఆమె ఉండేది. ఆమెను నేను ఆతె అనేదాన్ని, అంటే అక్క. నువ్వు ఇంటావిడను పిన్నీ అన్నట్టు తీతా అంటున్నావే, అట్లనే. నాకు ఇంగ్లీషు రాదు, ఆమెకు తెలుగు రాదు, ఇద్దరికీ వచ్చీరాని అరబ్బీ. అయినా వంటింట్లో అర్థం కాని మాట ఒక్కటీ లేదు. ఆమె దగ్గర నేను నేర్చుకున్న మొదటి మాట "సాయాంగ్". గిన్నె అడుగున నాలుగు మెతుకులు కడిగేయబోతే సాయాంగ్. నిమ్మకాయ సగం పిండి పడేస్తే సాయాంగ్. మనం "అయ్యో, దండగైపోయెనే" అంటామే, ఆ మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది.

ఇంక నా తెలివితక్కువ పని విను. ఆ ఇంట్లో ఒక రాత్రి పెద్ద విందు. మచ్బూస్ అని, కోడీ అన్నమూ కలిపి వండేది, బేసిన్‌కు బేసిన్ మిగిలింది. ఆతె పెద్ద పళ్లేలు తెచ్చి పలుచగా పరిచి చల్లార్చుదామన్నది. నాకు నిద్ర. పన్నెండు దాటింది. ఉడుకుడుకు అన్నాన్ని పెద్ద స్టీల్ డబ్బాలో కూరి, మూత బిగించి, బండమీదే పెట్టి పడుకున్నాను. పొద్దున బాగానే కనిపించింది, వాసన కూడా లేదు. బాగా వేడి చేస్తే ఏమవుతుందిలే అని పొగలొచ్చేదాకా వేడి చేసి తిన్నాను. మధ్యాహ్నానికి నిలబడలేకపోయినాను. వాంతులు, వాంతులు. ఆతె తల పట్టుకొని కూర్చుంది, ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ నొప్పి. పోయిన ఏడు సెలవులకు వచ్చినప్పుడు నువ్వే కదా చెప్పినావు, అది బాసిల్లస్ సీరియస్ అనే క్రిమి అని, దాని విత్తనం వంటలో చావదని, అన్నం వెచ్చగా ఉన్నంతసేపు మొలకెత్తి విషం కక్కుతుందని, ఆ విషం మళ్లీ వేడి చేసినా పోదని. పరీక్షలో రాసినావు, మార్కులు కూడా వచ్చినాయి. మరి తీతా ఇచ్చిన అన్నాన్ని రాత్రంతా మంచం పక్కన ఎందుకు పెట్టుకున్నావే? ఫ్రిజ్‌లో చోటు లేదంట! ఆ కోకాకోలా సీసాలు బయట పెడితే చచ్చిపోతాయా?

సరే, తిట్టడం అయింది. తీతా పండగకు ఇచ్చిన డబ్బాలో ఉన్న మిగతావాటి సంగతి చూద్దాం.

లెచోన్ మానోక్ అని రాసినావు, నిప్పుల మీద తిప్పి కాల్చిన కోడి. నువ్వు పంది తినవని గుర్తుపెట్టుకొని కోడి ఇచ్చిందంటే తీతా మంచి మనిషి. దీన్ని పక్సివ్ చెయ్యి. కువైట్‌లో పంది మాంసం నిషేధం కాబట్టి ఆతె చేపతో, కోడితో చేసేది. వాళ్ల ఊర్లో పండగ పంది మిగిలితే ఇదే చేస్తారంట. ముక్కలు తుంచి గిన్నెలో వేసుకో. తెల్లగడ్డ నాలుగు రెబ్బలు చితక్కొట్టి, మిరియాలు పది, బిరియానీ ఆకు ఒకటి. అర గ్లాసు సుకా, ఒక గ్లాసు నీళ్లు, ఒక చెంచా చక్కెర. సుకా అంటే వాళ్ల వెనిగర్, కొబ్బరి కల్లు పులిసి తయారయ్యేది దొరికితే అది తెచ్చుకో. ఉప్పు ఇప్పుడే వెయ్యొద్దు, కోడికి ఇదివరకే పట్టించి ఉంటారు. కాల్చిన కోడితో ఇచ్చే కాలేయం సాసు ఉంటే రెండు చెంచాలు కలుపుతారు, నీకు ఇష్టం లేకపోతే మానుకో. స్టీల్ గిన్నె గానీ మట్టి చట్టి గానీ వాడు, అల్యూమినియం వద్దు, పులుపు దాన్ని తినేస్తుంది. ఒక మాట మాత్రం మర్చిపోవద్దు. సుకా పోసినాక తెర్లేదాకా గరిటె పెట్టొద్దు. నేను మన పులుసు అలవాటుకొద్దీ కలపబోతే ఆతె చేతి మీద కొట్టింది. కలిపితే పచ్చి పులుపు లోపలే ఉండిపోతుందంట. నిజమో కాదో నీ చదువు చెప్పాలి, నేను మాత్రం అప్పటినుంచి కలపలేదు, పచ్చి పులుపు తగలనూ లేదు. మెల్లని మంట మీద రసం చిక్కబడేదాకా ఉంచు. రెండోనాడు తింటే మొదటినాటికంటే బాగుంటుంది. మన మాంసం పులుసు లాంటిదే అది. ఎముకలు పారెయ్యొద్దు. అల్లం, కాసింత బియ్యం వేసి జావగా ఉడకబెడితే వాళ్ల ఆరోస్ కాల్దో, మనకు జ్వరం వచ్చినప్పుడు తాగే గంజికి అక్క.

అన్నం ఇంకా ఫ్రిజ్‌లో కొంత ఉందన్నావు. అదే రోజు పెట్టిందైతే వాడుకో. మంచం పక్కన తెల్లారిందైతే ముట్టుకోవద్దు. చల్లబడి పొడిపొడిగా విడిపోయిన అన్నమే సినాంగాగ్‌కు కావాలి. తెల్లగడ్డ సన్నగా తరిగి నూనెలో ఎర్రగా వేయించి, అన్నం వేసి తిప్పు, అంతే. ఆవాలు, శెనగబ్యాళ్లు, పసుపు, నిమ్మకాయ చేరిస్తే మన చిత్రాన్నం. వాళ్లూ మనమూ పొద్దున్నే నిన్నటి అన్నంతో ఇంత గొప్పగా బతుకుతున్నాం, ఎవరూ ఎవరి దగ్గరా నేర్చుకోకుండా.

పన్‌సిట్, ఆ సేమ్యా లాంటిది, ఒక గుడ్డు కొట్టి అట్టు వేసుకో. ఫ్రూట్ సలాడ్‌లో క్రీమూ తియ్యపాలూ ఉంటాయి, బయట ఒక్క గంట కూడా వద్దు, గడ్డకట్టించి ఐస్‌క్రీమ్ లాగా తిను, వాళ్లూ అట్లనే చేస్తారు. ఎర్ర మైనం చుట్టిన జున్ను బంతికి తొందరేమీ లేదు, మెల్లగా తురుముకో.

పులుపు మనకు తెలియదన్నట్టు రాసినాను, అది అబద్ధం. సద్ది మర్చిపోయినాను చూడు. రాత్రి మిగిలిన సంగటి ముద్ద నీళ్లలో వేసి, పొద్దున మజ్జిగ కలిపి, ఎర్రగడ్డ కొరుక్కుంటూ తాగి చేనికి పోయినవాళ్లమే అందరమూ. కుండలో రోజూ అదే పని జరుగుతూ ఉండేది కాబట్టి ఆ పులుపు మనకు మచ్చికైన పులుపు. నువ్వు అక్కడ ప్లాస్టిక్ డబ్బాలో చెయ్యబోకు. ఉగాదికి ఓళిగలు చేసినప్పుడు బ్యాళ్లు ఉడికిన కట్టు పారబోయకుండా చింతపండు పిండి చారు కాస్తామే, దాని కోసమే మీ పెదనాయన ఓళిగలు చెయ్యమంటాడని నాకు అనుమానం. మిగిలిన ఓళిగలు మాత్రం ఆరనిచ్చి, మధ్యలో కాగితం పెట్టి, మళ్లీ పెనం మీద పొడిగా కాల్చుకోవాలి. వేడి మీద దొంతర పెడితే మూతకింద చెమట పట్టి మూడోనాటికి దారాలు సాగుతాయి.

ఆఖర్న అడిగినావు, పారేస్తే పాపమా అని. మా అవ్వ నోట ధాత కరువు కథలు విని పెరిగినదాన్ని నేను. 1876లో వచ్చిన కరువు ఆమె పుట్టకముందుదే, అయినా కంచంలో మెతుకు వదిలితే ఆమె చెయ్యి వణికేది. ఆ వణుకు నాకూ వచ్చింది, నీకూ వచ్చినట్టుంది. అయినా చెప్తున్నాను, అనుమానం వస్తే పారెయ్యి. మా నాయన శెనక్కాయ పూడ్చినట్టు పారెయ్యి. మంచిగా ఉన్నప్పుడే సగం తీసి పక్కగది పిల్లలకు పెట్టి ఉంటే పారేసే పని పడేది కాదు. వచ్చే ఏడు డబ్బా చేతికి వచ్చిన గంటలోనే పంచు. డిసెంబర్ 16 నుంచి వాళ్లకు తెల్లవారుజాము పూజలు మొదలవుతాయి, 24 అర్ధరాత్రి విందు, మళ్లీ 31 రాత్రి ఇంకో విందు. అంటే ఈ ఉత్తరం చేరేలోపల నీకు ఇంకో డబ్బా వచ్చే ఉంటుంది. నేను చెప్పినవన్నీ దానితో చెయ్యి, పాతది ఇంకా ఉంటే పారెయ్యి.

మీ నాయన చేత పార్సిల్ వేయించినాను. రెండు పొట్లాలు శెనక్కాయ పొడి, బాగా ఆరబెట్టి కొట్టించింది, గలగలమన్న కాయే. ఒకటి నీకు. రెండోది తీతా డబ్బాలో పోసి ఇవ్వు, కడిగిన డబ్బా ఉత్తగా ఇవ్వబోకు. వాళ్లు కరె-కరె అని శెనక్కాయ ముద్దతోనే కూర చేస్తారు, ఆమెకు కొత్తేమీ కాదు. మిరపకాయ ఎక్కువ పడిందని ముందే చెప్పు.

ఇట్లు,
మీ పెద్దమ్మ