కణమునకు కావలి

కోడిగ్రుడ్డును ఉడికించినచో అందలి జిగటసొన గట్టిపడి తెల్లనగుట మనమెల్లరము ఎరిగినదే. వేడిమి సోకగా సొనలోని ప్రోటీనులు తమ సహజమైన మడతలను కోల్పోయి, ఒకదానితోనొకటి చిక్కుపడుటయే దీనికి కారణము. మన దేహమందలి ప్రతి కణమునందును వేలకొలది ప్రోటీనులు కలవు. వానిలో ప్రతిదానికిని తగిన మడత యుండవలయును. మడత చెడినచో పనియు చెడును. అట్లయిన వేడిమి హెచ్చినప్పుడు కణము తన్ను తాను ఎట్లు కాపాడుకొనుచున్నది?

ఈ ప్రశ్నకు సమాధానము పండ్ల ఈగలవలన లభించినది. ఇటలీ దేశీయుడగు ఫెరుచ్చో రిటోసా ఈగ డింభకములను పరీక్షించుచుండగా, వానిని ఉంచిన పెట్టెలో వేడిమి అనుకోకుండ హెచ్చెను. అప్పుడు వాని క్రోమోజోములు కొన్ని తావుల ఉబ్బియుండుట ఆయనకు కనబడెను. ఈ విషయమును ఆయన 1962లో ప్రకటించెను. ఆపత్కాలమున కణము కొన్ని ప్రోటీనులను విరివిగా తయారుచేయుననియు, ఆ ఉబ్బులు దానికి గుర్తులనియు తరువాత తేలినది. వీనికే ఉష్ణాఘాత ప్రోటీనులని పేరు. ఇవి చెదరిన ప్రోటీనులను పట్టి నిలిపి, అవి మరల సరిగా మడతపడుటకు తోడ్పడును. వీని వంశమునకు చెందిన కొన్ని, వేడిమి లేనప్పుడును నిత్యము కణమును సేవించుచుండును.

ఇట్టి ఉపకారిని శత్రువు తన పనికి వాడుకొనుట విచిత్రము. పసిపిల్లలకు తీవ్రమైన విరేచనములు కలిగించు వైరసు ఒకటి కలదు. 1973లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరమున రూత్ బిషప్ అను విదుషియు, ఆమె సహచరులును రోగులైన శిశువుల ప్రేగులలో దీనిని కనుగొనిరి. బండిచక్రమువలె కనబడుటచే, లాటిను భాషలో చక్రమని అర్థమిచ్చు పదమునుబట్టి దీనికి రోటావైరసు అను పేరు వచ్చినది.

ఈ వైరసుపై ముండ్లవంటి ప్రోటీనులుండును. మన ప్రేగులలోని జీర్ణరసము ఆ ముల్లును రెండు భాగములుగా ఛేదించును. ఒక భాగము కణము పైపొరనున్న చక్కెర పదార్థములను అంటుకొనును. పిదప రెండవ భాగము ఆ పొరపైననే యుండు ఇతర ప్రోటీనులను ఆశ్రయించును. వానిలో హెచ్.ఎస్.సి.70 అను ఉష్ణాఘాత వంశపు ప్రోటీను ఒకటి. 2002లో మెక్సికో శాస్త్రజ్ఞులు, ప్రయోగశాలలో పెంచిన కణములపై ఈ ప్రోటీనును ప్రతిరక్షకములతో కప్పివేసిరి. వైరసు కణమును అంటుకొనుట ఆగలేదు; కాని కణమును వశపరచుకొను శక్తి తగ్గెను. కావలివాడే వాకిలి తెరచుటకు తోడ్పడుచున్నాడన్న మాట!

అట్లని ఆ ప్రోటీనును దేహమంతట నిర్మూలింపరాదు. అది లేనిదే మన కణములు జీవింపజాలవు. కావున దేహమునే ముందుగా యుద్ధమునకు సిద్ధపరచుట మేలు. ఈ తలంపుతో హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ రోటావాక్ అను టీకాను తయారుచేసినది. 2016లో దీనిని ప్రభుత్వము మొదట నాలుగు రాష్ట్రములలో ప్రవేశపెట్టెను. ఆంధ్రప్రదేశ్ వానిలో ఒకటి. శిశువునకు ఆరు, పది, పదునాలుగు వారముల వయస్సున చుక్కలుగా దీనిని నోటిలో వేయుదురు. ఇది రోగతీవ్రతను తగ్గించును. విరేచనములు పట్టుకొన్నచో ఉప్పు, చక్కెర తగుపాళ్లలో కలిపిన జీవజలమును వెంటనే త్రాగించుట ప్రాణరక్షకము.

ప్రశ్నలు

1. ఉష్ణాఘాత ప్రోటీనులు కణమునకు చేయు మేలు ఎట్టిది?
2. రోటావైరసు కణమును ప్రవేశించు విధమును మీ మాటలలో వ్రాయుడు.
3. హెచ్.ఎస్.సి.70ను నిర్మూలించి రోగమును ఏల అరికట్టరాదు?