కోడిపిల్లలకు చెదల మేత

ఆలూరు ప్రాంతపు పల్లెలలో నాలుగు నాటుకోళ్ళు లేని ఇల్లు అరుదు. పెట్ట పన్నెండు గ్రుడ్లు పొదిగి పది పిల్లలను లేపినను, నెల తిరుగునప్పటికి గంప క్రింద నాలుగో అయిదో మిగులుట మీరెరిగినదే. కొన్నిటిని గ్రద్ద తన్నుకొని పోవును, కొన్ని పిల్లి పాలగును. మేత చాలక నీరసించి, చలికో రోగమునకో లొంగిపోవునవి కూడ తక్కువ కావు. గ్రద్దను ఆపుట కష్టము గాని, ఈ కడపటి నష్టమును తగ్గించుకొనుట మీ చేతిలోనే యున్నది.

మొదటి ఎనిమిది వారములలో పిల్ల తినుదానిలో నూటికి ఇరవై పాళ్ళు మాంసకృత్తులు ఉండవలెను. మనము చల్లునది జొన్న నూకలు, కొర్రలు. జొన్నలలో ఉండునది పది పాళ్ళు మాత్రమే. పట్టణమునుండి పిల్లల దాణా తెచ్చి నాటుకోళ్ళకు పెట్టుట ఎందరికి గిట్టును? చెదపురుగులను ఎండబెట్టి తూచినచో, ఆ బరువులో మూడవ వంతుకు మించి మాంసకృత్తులే యుండును. క్రొవ్వు కూడ దండిగా ఉండును. తొలకరి వానకు ఉసుళ్ళు లేచినప్పుడు కోళ్ళు వాటి వెంట ఎట్లు పరుగులు తీయునో చూచినవారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. ఆ ఉసుళ్ళు రెక్కలు వచ్చిన చెదలే.

చెదలను ఇంటిలో పెంచుట సాధ్యము కాదు. రాణి పుట్ట లోతున ఉండును. పని చెదలు అచ్చటనే బూజుతోట వేసి, దానిని తినుచు బ్రతుకును. వానలకు పుట్టపై మొలచు పుట్టగొడుగులు ఆ తోటనుండి వచ్చునవే. కావున మనము చేయగలిగినది పురుగును పెంచుట కాదు, ఎర చూపి పిలుచుట. మన పల్లెలలోను, పశ్చిమాఫ్రికాలోని టోగో, బుర్కినా ఫాసో దేశముల రైతులలోను ఈ పద్ధతి కలదు.

ఒక పాత మట్టికుండ తీసికొనుడు. నోరు కొంచెము విరిగినను ఫరవాలేదు. చిన్న ముక్కలుగా నరికిన జొన్నచొప్ప, బుడ్డల పొట్టు, ఎండు పేడ, చినిగిన గోనె ముక్కలు కలిపి కుండకు ముప్పాతిక వంతు నింపి, నీరు చల్లుడు. పిడికిట పట్టి పిండినచో చెయ్యి తడియవలెనే గాని నీరు కారరాదు. సాయంకాలము చెదలు తిరుగుచున్న చోట పైమట్టిని గుద్దలితో అంగుళము మేర గీకి, దారులు కనబడగానే అచ్చట కొద్దిగా నీరు చిలకరించి, కుండను బోర్లించుడు. అంచుచుట్టు మట్టి ఎగదోసి, పైన తడి గోనె కప్పి, కుక్కలు దొర్లించకుండ రాయి పెట్టుడు.

మరునాడు ప్రొద్దు పొడవక మునుపే కుండను తీయవలెను. ఎండ తగిలినచో చెదలు తిరిగి నేలలోనికి దిగిపోవును. ఒక్క గంట ఆలస్యమైనను మీకు మిగులునది ఒట్టి చొప్పయే. మొదటి దినమున చెదలు ఎక్కకపోయిన నిరుత్సాహపడక, మరల తడిపి ఇంకొక రాత్రి ఉంచుడు. వానల తరువాత అవి పైకి వచ్చును. నడివేసవిలో లోతునకు దిగును గనుక ఆ నెలలలో ఎక్కువ ఆశించవద్దు. ఆలూరు చుట్టునున్న నల్లరేగడిలో పుట్టలు తక్కువ. ఎర్రనేలలలోను, గట్లమీదను, చింత, వేప చెట్ల మొదళ్ళలోను వెదకుడు.

తెచ్చిన కుండను చేటలో దులిపి పిల్లలను వదలుడు. పది నిమిషములలో అవి తినగలిగినంత చాలును. రెండు మూడు దినముల పసిపిల్లలకు పెట్టవద్దు. పెద్ద తలల సిపాయి చెదలు కరచును. చెదలతోబాటు నూకలు, ఆకుకూర, మంచినీరు మామూలుగా ఇవ్వవలెను. ఇది చేర్పుడు మేతయే గాని పూర్తి మేత కాదు.

కొన్ని జాగ్రత్తలు కలవు. పాత పుట్టలలో పాములుండును. కన్నములో చెయ్యి పెట్టరాదు. కుండను ముందు కర్రతో కదిలించి, పిమ్మట ఎత్తవలెను. పిల్లలను ఈ పనికి పంపవద్దు. పాము కరచినచో మంత్రములతో ప్రొద్దుపుచ్చక వెంటనే ఆసుపత్రికి పోవలెను. నాగులచవితికి పాలు పోయు పుట్ట జోలికి పోకుడు. ఊరిలో తగవు తెచ్చుకొనుట ఎందుకు?

క్లోర్‌పైరిఫాస్ వంటి మందు పోసిన పుట్టనుండిగాని పొలమునుండిగాని చెదలు తేరాదు. మందు తిన్న పురుగును తిన్న పిల్ల చచ్చును. బుడ్డల చేలో కుండ పెట్టినచో చెదలను కాయల దగ్గరకు మీరే పిలిచినట్లగును. ఇంటి గోడకు, దూలములకు కూడ దూరముగా పెట్టుడు. తెచ్చిన కుండలో మిగిలిన చెదలు రాణి లేక క్రొత్త పుట్ట పెట్టలేవు. ఆ భయము వద్దు.

కుండలో చీమలు చేరినచో ఆ మేత పెట్టకుడు. కొన్ని జాతుల చీమలు, పేడపురుగులు బద్దెపురుగు పిల్లలను కోడికి చేర్చును. బొద్దింకలను పెంచి పెట్టవచ్చునా యని కొందరికి సందేహము కలుగవచ్చును. విదేశములలో బల్లులను ముచ్చటకు పెంచువారు వాటి మేతకై దక్షిణ అమెరికా డూబియా బొద్దింకను పెట్టెలలో పెంచుకొనుచున్నారు. కోళ్ళవద్ద ఆ ప్రయత్నము మంచిది కాదు. సూరినాం బొద్దింక యను జాతి కోడికంటిలో చేరు నులిపురుగును మోయును. ఏ బొద్దింక ఏ జాతిదో పెరటిలో పోల్చుకొనుట మనకు సులభము కాదు.

మేత ఎంత బాగున్నను కొక్కెర తెగులును ఆపలేదు. పిల్ల పుట్టిన వారములోపల లసోటా చుక్కమందును, ఎనిమిదవ వారమున రెండవ టీకాను మీ పశువైద్యశాలలో అడిగి వేయించుడు. టీకా మందు చల్లదనము చెడకుండ మంచుగడ్డతో తెచ్చుకొని, ప్రొద్దుటి చల్లని వేళ వేయవలెను.