'మిస్' అనే క్రియ – నేను చేసిన రెండు తప్పులు



'మిస్' అంటే టీచరమ్మను పిలిచే మాట అని మనందరికీ తెలుసు. ఇంగ్లీషులో అదే మాట క్రియగా కూడా ఉంది. దానితో నేను రెండు తప్పులు చేశాను. మీరు చేయకూడదని రాస్తున్నాను.

మొదటి తప్పు: దసరా సెలవులకు అమ్మ నన్ను తీసుకుపోవడానికి వచ్చింది. భద్రాచలం బస్సు ఎల్.బి.నగర్‌లో ఎక్కాలి. మేమేమో దిల్‌సుఖ్‌నగర్‌లో చెల్లికి గౌను బేరం చేస్తూ ఆలస్యం చేశాం. మెట్రో ఎక్కి చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దాటి ఎల్.బి.నగర్‌లో దిగి పరుగెత్తేసరికి బస్సు కదిలిపోయింది. సెలవుల తర్వాత కాంపోజిషన్‌లో "ద బస్ మిస్డ్ అస్" అని రాశాను. మనం 'బస్సు మిస్ అయ్యింది' అంటాం కదా! సార్ నవ్వి, "బస్సు మిమ్మల్ని ఢీకొట్టబోయి పక్కనుంచి పోయిందా?" అన్నారు. నేను రాసినదానికి అర్థం అదేనంట! "వుయ్ మిస్డ్ ద బస్" అని రాయాలి.

మా తాత విల్లు గుర్తొచ్చాక నాకిది బాగా అర్థమైంది. బాణం పిట్టకు తగలకపోతే "ది యారో మిస్డ్ ద బర్డ్". అందుకోవాల్సింది ముందు, అందకుండా పోయింది వెనుక. ఇదే సూత్రం.

ఉదాహరణలు:

1. ఐ మిస్డ్ ద క్లాస్ – క్లాసుకు పోలేకపోయాను.

2. ఐ మిస్డ్ మై స్టేషన్ – దిల్‌సుఖ్‌నగర్‌లో దిగాల్సింది, కునుకు పట్టి చివరి స్టేషన్ ఎల్.బి.నగర్ దాకా పోయాను.

3. వుయ్ మిస్డ్ సీయింగ్ ద డీర్ – వనస్థలిపురం హరిణ వనస్థలికి పోయాం గానీ జింకలను చూడలేకపోయాం. 'మిస్డ్ టు సీ' అనరాదు.

4. మై పెన్ ఈజ్ మిస్సింగ్ – పెన్ను కనబడటం లేదు. 'మై పెన్ మిస్డ్' తప్పు.

రెండవ తప్పు: నేను ఆరో తరగతిలో చేరిన కొత్తలో ఒక మేడం "డు యూ మిస్ యువర్ మదర్?" అని అడిగారు. మిస్ అంటే తప్పిపోవడం అనుకున్నాను. మా అమ్మ తప్పిపోలేదు, ఊళ్లోనే ఉంది. అందుకే "నో మేడం" అన్నాను. "గుడ్ గర్ల్" అని ఆమె వెళ్లిపోయారు. ఆ రాత్రి దుప్పటి కప్పుకుని ఏడ్చాను. 'అమ్మ మీద బెంగగా ఉందా?' అని ఆమె అడిగారంట. అది తెలిసేసరికి ఏడో తరగతికి వచ్చేశాను.

ఇక్కడా బాణం సూత్రమే. "ఐ మిస్ మై మదర్" అంటే నా మనసు అమ్మ దగ్గరికి పోతోంది, అమ్మ అందటం లేదు అని.

వార్డెన్ మేడం గారికి ఒక మనవి. కొత్తగా వచ్చిన చిన్నపిల్లలు "నో మేడం" అంటే, ఇంకోసారి తెలుగులో అడగండి. తెలుగు కూడా సరిగా రాని పిల్లలుంటే మా పెద్దపిల్లల్ని పిలవండి. మేము వాళ్ల భాషలో అడిగి చెప్తాం.

అభ్యాసం: 'మా తమ్ముడు గుర్తొస్తున్నాడు', 'నేను ప్రార్థనకు రాలేకపోయాను' – వీటిని ఇంగ్లీషులో రాసి నాకు చూపించండి.

తప్పులుంటే మన్నించండి.

– 9వ తరగతి విద్యార్థిని