పాలు మానిన బిడ్డ: డాక్టర్ సిసిలీ విలియమ్స్ నేర్పిన పాఠం

"వీడు సన్నగా లేడు సిస్టరమ్మా, కాళ్ళు చూడండి, ఎంత బొద్దుగా ఉన్నాయో!" పిల్లల వార్డులో అమ్మమ్మలు, నాయనమ్మలు మాతో ఈ మాట అంటుంటారు. ఆ పాదం మీద బొటనవేలితో నొక్కి తీస్తే గుంట పడి అలాగే ఉండిపోతుంది. అది ఒళ్ళు కాదు, నీరు. బిడ్డకు సరైన తిండి అందడం లేదని దాని అర్థం. ఈ జబ్బు పేరు క్వాషియోర్కర్. ఆ పేరును వైద్యలోకానికి పరిచయం చేసిన డాక్టరమ్మ గురించి మీరు తెలుసుకోవాలి.

తల్లులను అడిగి తెలుసుకున్నారు

సిసిలీ విలియమ్స్ 1893లో జమైకాలో పుట్టారు. ఆక్స్‌ఫర్డులో వైద్యం చదివి, 1929లో ఆఫ్రికాలోని గోల్డ్ కోస్టుకు (ఇప్పటి ఘానా) ఉద్యోగానికి వెళ్ళారు. అక్కడ ఒకటి నుంచి నాలుగేళ్ళ పిల్లలు పాదాలు వాచి, చర్మం పొరలుగా ఊడి, జుట్టు రంగు మారి చనిపోతుండేవారు. ఇది అప్పటికే తెలిసిన పెలాగ్రా జబ్బేనని కొందరు డాక్టర్లు వాదించారు. ఆమె మాత్రం తల్లులనే అడిగారు. వారి గా భాషలో క్వాషియోర్కర్ అంటే, తరువాతి బిడ్డ పుట్టినప్పుడు పెద్ద బిడ్డకు వచ్చే జబ్బు. కారణం ఆ పేరులోనే ఉంది. చిన్నబిడ్డ రాగానే పెద్దబిడ్డకు రొమ్ము మాన్పించి, మొక్కజొన్న జావ మాత్రమే పోసేవారు. ఈ సంగతిని ఆమె 1933లో వైద్య పత్రికలో వ్రాశారు. 1935లో ఆ పేరుతోనే మళ్ళీ వ్రాశారు.

1936లో ఆమెను మలయాకు బదిలీ చేశారు. అక్కడ తల్లిపాలకు బదులు తీపి డబ్బాపాలు పట్టించి, పసివాళ్ళు చనిపోవడం చూశారు. నర్సుల్లా దుస్తులు వేసుకున్న ఆడవాళ్ళతో ఆ డబ్బాలు అమ్మించేవారు. 1939లో సింగపూరు రోటరీ క్లబ్బులో ఆమె చేసిన ప్రసంగానికి "పాలు, హత్య" అని పేరు పెట్టారు. యుద్ధకాలంలో జపాను వారి నిర్బంధంలో గడిపి, 1948లో ప్రపంచ ఆరోగ్య సంస్థలో తల్లీబిడ్డల విభాగానికి అధిపతి అయ్యారు. 1992లో కన్నుమూశారు. అదే ఏడాది మన దేశంలో డబ్బాపాల ప్రకటనలను నిషేధిస్తూ చట్టం వచ్చింది.

పసిపొట్ట సంగతి

పుట్టిన బిడ్డ పేగులు ఇంకా ఎదుగుతూ ఉంటాయి. గంజిలోని పిండిని అరిగించే రసం మొదటి నెలల్లో చాలా తక్కువగా ఊరుతుంది. తల్లిపాలలో కొవ్వును అరిగించే రసం పాలతోపాటే వస్తుంది. ముర్రుపాలు పేగులకు లోపలి నుంచి రక్షణ ఇస్తాయి. అందుకే ఆరు నెలలు తల్లిపాలే చాలు. ఆ తరువాత అవి ఒక్కటే చాలవు.

1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాలలో డాక్టర్ సి. గోపాలన్ ఈ విషయాన్ని ఇంకా లోతుగా పరిశీలించారు. మన పిల్లలకు మాంసకృత్తుల లోటు కంటే మొత్తం తిండే చాలకపోవడం పెద్ద సమస్య అని ఆయన చూపించారు.

మీరు చేయవలసినవి

1. పుట్టిన గంటలోపు ముర్రుపాలు పట్టించండి. పిండి పారబోయకండి.
2. ఆరు నెలల వరకు నీళ్ళు, తేనె, ఆముదం, డబ్బాపాలు వద్దు.
3. ఆరు నెలలు నిండగానే పప్పు, అన్నం మెత్తగా కలిపి, నూనె లేదా నెయ్యి వేసి పెట్టండి. గుడ్డు, ఆకుకూర కూడా అలవాటు చేయండి. పలుచని జావతో కడుపు నింపకండి.
4. రెండేళ్ళ వరకు, ఆ తరువాత కూడా పాలు ఇవ్వవచ్చు. మళ్ళీ నెల తప్పిందని ఒక్కసారిగా మాన్పించకండి. డాక్టరును అడగండి.
5. రెండు పాదాలూ వాస్తే దిష్టి అనుకుని ఆగకండి. ఇంట్లోనే ఎక్కువ తినిపించి నయం చేయాలనీ చూడకండి. బాగా నీరసించిన బిడ్డకు ఒక్కసారిగా ఎక్కువ తిండి పెడితే ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఈ రాత్రి పిల్లలు పడుకున్నాక, కొత్తబిడ్డను కాదు, దాని పక్కన ఉన్న పెద్దబిడ్డ పాదం ఒకసారి నొక్కి చూడండి.