మళ్లీ కుక్కను తెచ్చుకోవాలా?

"ఇదివరకు పెంచామండీ. అది పోయాక ఇంక జన్మలో వద్దనుకున్నాం." ఏలూరు, తాడేపల్లిగూడెం వైపు కాస్త పెరడున్న ఇళ్లలో కుక్కల ప్రస్తావన వస్తే ఈ మాట కొత్తేమీ కాదు. అనేవాళ్లు కుక్కలంటే గిట్టనివాళ్లు కారు. చాలాసార్లు అందరికన్నా ఎక్కువ ప్రేమించినవాళ్లే. ఏళ్లు గడిచాక పిల్లలు "చిన్న కుక్కపిల్లను తెచ్చుకుందాం" అంటే మాట మార్చేస్తారు. ఈ జంకును చాదస్తమని కొట్టిపారేయడం తప్పు, వివేకమని తలకెత్తుకోవడమూ తప్పే. అందులో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోయి ఉంటాయి. ఒకటి, మళ్లీ ఏడవాల్సి వస్తుందన్న భయం. రెండోది, మళ్లీ సరిగా చూసుకోగలమా అన్న సందేహం. మొదటిది మనల్ని ఆపదగ్గ కారణం కాదు. రెండోది ముమ్మాటికీ కారణమే. చిక్కేమిటంటే, భయం ఎప్పుడూ సందేహం గొంతుతోనే మాట్లాడుతుంది. "తీరిక లేదు" అనే నోటి వెనక "తట్టుకోలేను" అనే మనసు ఉంటుంది. ఈ రెంటినీ విడదీసుకోవడం వస్తే, కుక్క విషయంలోనే కాదు, ఒకసారి దెబ్బతిని వదిలేసిన ఏ బంధం విషయంలోనైనా నిర్ణయం తేలికవుతుంది.

మొదట భయం సంగతి. కుక్క మామూలుగా పది నుంచి పదమూడేళ్లు బతుకుతుంది. అందులో మనకు గట్టిగా గుర్తుండేది ఆఖరి నెల: తిండి మానేయడం, లేవలేకపోవడం, సెలైన్లు, డాక్టరు పెదవి విరవడం. పదేళ్లపాటు గేటు చప్పుడుకే పరుగెత్తుకొచ్చిన సాయంత్రాలు వెనక్కి పోతాయి. మనిషి జ్ఞాపకం తీరే అంత. మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఆయన సహచరులు 1993లో ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. పాల్గొన్నవాళ్లు ఒకసారి 14 డిగ్రీల చల్లని నీళ్లలో నిమిషంపాటు చెయ్యి పెట్టారు. ఇంకోసారి ఆ నిమిషం తర్వాత మరో అర నిమిషం ఉంచారు, ఆ కాస్సేపట్లో నీళ్లు ఒక డిగ్రీ వెచ్చబడ్డాయి. మళ్లీ చేయాల్సివస్తే ఏది చేస్తారని అడిగితే ఎక్కువమంది రెండోదే అన్నారు. బాధ పడిన సమయం ఎక్కువే, ముగింపు మాత్రం కాస్త నయం. అనుభవాన్ని మనం దాని నిడివిని బట్టి కాక, అందులోని తీవ్రమైన ఘడియనూ ముగింపునూ బట్టి తూస్తామని దీని సారాంశం. కుక్క పోయిన ఇంట్లో జరిగేదీ ఇదే. పదేళ్ల మంచి రోజుల మీద చివరి నెల తీర్పు చెబుతుంది. ఆ తీర్పును మళ్లీ విచారణకు పెట్టుకోవచ్చు.

ఆ దుఃఖం అంతకాలం నిలవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మనిషి పోతే పరామర్శలుంటాయి, పెద్దకర్మ ఉంటుంది, నలుగురూ కూర్చుని పోయినవాళ్ల గురించి మాట్లాడతారు. కుక్క పోతే మర్నాడు పొద్దున్నే డ్యూటీకి వెళ్లాలి. కళ్లు ఎర్రబడితే "కుక్క కోసం ఇంతా?" అంటారు. సమాజం ఒప్పుకోని ఇలాంటి దుఃఖాన్ని అమెరికన్ పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లో ప్రత్యేకంగా గుర్తించి దానికో పేరు పెట్టాడు. బయటికి రాని దుఃఖం కాలక్రమాన "ఇంక వద్దు" అన్న శపథంగా మారుతుంది. కాబట్టి కొత్త కుక్క గురించి ఆలోచించే ముందు పాత కుక్క గురించి ఇంట్లో మనసు విప్పి మాట్లాడుకోవాలి. కొత్తది వస్తే పాతదానికి ద్రోహం చేసినట్టేనన్న బెంగ కూడా అక్కడే తేలుతుంది. ఆ బెంగలో కొంత నిజం లేకపోలేదు. అదే రంగు, అదే జాతి వెతికి, అదే పేరు పెట్టి, అదే చోట పడుకోమంటే అది కొత్తదానికి అన్యాయం. దాన్ని దాని స్వభావంతో రానిస్తే ఎవరికీ ద్రోహం లేదు.

ఇక సామర్థ్యం సంగతి. మహాభారతంలో మహాప్రస్థానిక పర్వం గుర్తుచేసుకుంటే, స్వర్గం వాకిట కుక్కను వదిలి రమ్మన్నప్పుడు ధర్మరాజు చెప్పిన సమాధానంలో దాని మీది ముద్దుకన్నా బాధ్యతే పైన ఉంటుంది. నమ్మి వెంట వచ్చినదాన్ని విడవడం అధర్మమన్నది ఆయన వాదం. అంటే తటపటాయింపుకు చోటు ఇంటికి తెచ్చేముందే గాని, తెచ్చాక లేదు. చట్టమూ ఇప్పుడు ఇదే ధోరణిలో ఉంది. 2025 ఆగస్టు 22న వీధికుక్కల కేసులో సుప్రీంకోర్టు, వాటిని దత్తత తీసుకోదలచినవారు స్థానిక పురపాలక సంస్థకు దరఖాస్తు చేసుకోవచ్చని చెబుతూ, ఆ కుక్క తిరిగి వీధి పాలు కాకుండా చూసే బాధ్యతను తెచ్చుకున్నవారి మీదే పెట్టింది. ఈ షరతు ముందు జంకనివాడికన్నా జంకినవాడే నమ్మదగ్గవాడు. ఖర్చెంతో, కష్టమెంతో తెలిసినవాడు అతనే.

అయితే ఆ జంకును ప్రశ్నలుగా విప్పి రాసుకోవాలి. మన ప్రాంతంలో వాటిలో మొదటిది అమెరికా ప్రయాణం. కోడలి పురిటికో కూతురి పురిటికో ఆరు నెలలు వెళ్లాల్సి వస్తే కుక్కను ఎవరు చూస్తారు? పక్కింటివాళ్లు చూస్తార్లే అనుకోవడం చాలదు, వాళ్లను ముందే అడిగి ఒప్పించాలి. కొల్లేరు లంకల్లోనైతే వరద ప్రశ్న ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీరు కొల్లేటికి చేరి ఏలూరు-కైకలూరు రోడ్డు మునిగినప్పటి పరిస్థితి మళ్లీ వస్తే, ఇల్లు వదిలేటప్పుడు కుక్క పడవెక్కుతుందా, గట్టు మీద మిగులుతుందా? చేపల చెరువు కాపలాకి తెచ్చుకునేవాళ్లు లీజు అయిపోయాక దాని గతేమిటో ముందే తేల్చుకోవాలి. తిండి విషయంలోనూ పాత అలవాట్లు పనికిరావు. ఉల్లి మార్కెట్‌కు పేరుపడిన తాడేపల్లిగూడెంలో మిగిలిన కూరన్నం పెట్టడం సహజమే గాని, ఉల్లిపాయ కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. మన ఉక్కలో గోమార్లు పట్టి జ్వరం తెచ్చిపెడతాయి. పిల్లకు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య పార్వో, డిస్టెంపర్ టీకాలు మొదలుపెట్టాలి, మూడు నెలలకు రేబిస్ టీకా వేయించాలి, తర్వాత డాక్టరు చెప్పిన గడువుల్లో మళ్లీ వేయిస్తుండాలి. జబ్బు ముదిరితే గన్నవరం పశువైద్య కళాశాల దాకా తీసుకెళ్లే ఓపిక ఉందా అన్నదీ ప్రశ్నే. వీటికి జవాబులు దొరక్కపోతే వద్దనుకోవడమే ధర్మం. అన్నిటికీ జవాబులున్నా కాలు ముందుకు పడకపోతే, ఆపుతున్నది భయమని తేలిపోయినట్టే.

వీధికుక్కలతో జనం హడలిపోతుంటే ఇంకా కుక్కల పెంపకమా అనేవారున్నారు. వాళ్ల కోపంలో న్యాయముంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం రేబిస్‌తో ఏటా సుమారు 59,000 మంది చనిపోతున్నారు, మనుషులకు ఆ వ్యాధి అంటించేది 99 శాతం వరకు కుక్కలే. ఆ కోపం ఎంతదాకా పోగలదో కూడా ఇక్కడే చూశాం. 2021 జులైలో, ఇప్పటి ఏలూరు జిల్లాలోని లింగపాలెంలో సుమారు 300 కుక్కలను విషం పెట్టి చంపి పూడ్చేశారన్న ఫిర్యాదు మీద పోలీసు కేసు నమోదైంది. చంపడంతో సమస్య తీరదు, ఖాళీ అయిన వీధిలోకి పక్క వీధి కుక్కలు వస్తాయి. వీధిలోని ఒక పిల్లను తెచ్చి, టీకా వేయించి, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించి, గేటు లోపల ఉంచుకున్న ఇల్లు సమస్యను ఆ మేరకు తగ్గిస్తుంది. జులై 6న, జూనోసిస్ (జంతువుల నుంచి మనుషులకు సోకే వ్యాధుల) దినం నాడు ప్రభుత్వ పశువైద్యశాలల్లో రేబిస్ టీకా ఉచితంగానే వేస్తుంటారు. చేయాల్సిందల్లా తీసుకెళ్లడమే.

"ఈ వయసులో మాకెందుకు" అన్నది మరో అభ్యంతరం. అరవై అయిదేళ్లప్పుడు పిల్లను తెస్తే డెబ్బై అయిదు దాటేదాకా బాధ్యతే, నిజమే. అలాంటివారు అయిదారేళ్ల పెద్ద కుక్కను తెచ్చుకోవచ్చు, తమ తర్వాత అది ఎవరి దగ్గరుండాలో ఇప్పుడే మాట తీసుకోవచ్చు. రెండింటిని తెచ్చుకుంటే ఒకదానికొకటి తోడని చెబుతారు. ఏళ్ల విరామం తర్వాత మొదలుపెట్టేవారు ఒకదానితో ఇంటి క్రమం కుదిరాక రెండోదాని సంగతి ఆలోచించడం మేలు. ఇక లాభం మాటకొస్తే, 34 లక్షల మంది స్వీడన్ వాసుల వివరాలతో 2017లో వెలువడిన అధ్యయనంలో, ఒంటరిగా ఉంటూ కుక్కను పెంచేవారిలో మరణ ముప్పు 33 శాతం తక్కువని తేలింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లే కుక్కను పెంచే సాహసం చేస్తారేమో అన్న అనుమానం మాత్రం మిగిలే ఉంది. అందుకే ఆయుష్షు కోసమని కుక్కను తేవడం సరైన లెక్క కాదు.

వ్యక్తిత్వ వికాసమంటే దేనికీ జంకకపోవడమని చాలామంది అనుకుంటారు. ఒకసారి నష్టపోయి, ఆ నష్టం మళ్లీ తప్పదని తెలిసి, ఏర్పాట్లన్నీ చేసుకుని బాధ్యత నెత్తికెత్తుకోవడం అంతకన్నా పెద్ద ఎదుగుదల. అన్నీ తూచి "మా వల్ల కాదు" అని నిజాయతీగా చెప్పినవారూ అంతే ఎదిగినట్టు. ఎటూ తేల్చుకోకుండా భయానికి "తీరిక లేదు" అన్న పేరు పెట్టి ఏళ్లు గడిపేసేవారే మిగిలిపోతారు. వారు ఈ వారమే ఇంట్లో అందరినీ కూర్చోబెట్టి ఆ ప్రశ్నల జాబితా రాసి చూడాలి.