చెక్కకంచెలను కడుగుట: పనివాని రక్షణ, పసిపిల్లల రక్షణ

సముద్రతీరమునందలి చెక్కకు శత్రువులు మూడు: ఎండ, తేమ, ఉప్పుగాలి. ఎండ చెక్కపై పొరను బూడిదరంగునకు మార్చును. తేమ నాచును, బూజును పెంచును. ఉప్పు గాలిలోని తేమను పీల్చి చెక్కను చాలకాలము ఆరనీయదు. ఈ మూడింటినుండి కాపాడుటకు చెక్కలోనికి ఇంకు రంగును, అనగా స్టెయిన్‌ను, వేయుదురు. మురికి, నాచు, పాతరంగు పెచ్చులు పోయిననే గాని ఆ రంగు చెక్కలోనికి ఇంకదు. అందుచేత రంగునకు ముందు చెక్కను కడుగుట అవసరమగుచున్నది.

ఇటీవలి కాలమున ఈ పనికి అధిక పీడనముతో నీటిని చిమ్ము యంత్రములు వచ్చినవి. వీనిని ప్రెషర్ వాషర్లందురు. ఒక దినమంతయు కుంచెతో తోమవలసిన కంచెను ఈ యంత్రము గంట, రెండు గంటలలో కడుగగలదు. అయితే మురికిని పెకలించు బలమే చర్మమును చీల్చగలదు; పాతరంగులోని విషమును ఇంటి చుట్టును వెదజల్లగలదు. ఈ రెండు కీడులును మొదట కంటికి స్వల్పముగా కనిపించును. అందువలననే వానిని ముందుగా తెలిసికొనవలెను.

పుదుచ్చేరి పట్టణమునందలి చెక్కపని

పుదుచ్చేరి పాతపట్టణమును ఒక కాలువ రెండు భాగములుగా విభజించుచున్నది. సముద్రమువైపున ఫ్రెంచివారి కాలపు వీధులును, పడమట తమిళుల వీధులును గలవు. తూర్పు వీధులలోని ఇండ్లకు పెద్ద చెక్కగేట్లు, గాలి వచ్చుటకు ఏటవాలు పలకలు అమర్చిన కిటికీ తలుపులు, మేడమీద చెక్క కటకటాలు కానవచ్చును. పడమటి వీధులలోని పాత ఇండ్లయందు అరుగుల ముందరి వసారా కప్పును చెక్కస్తంభములు మోయుచుండును. తోటలకును, ఖాళీ స్థలములకును సరుగుడు వాసములతో దడులు కట్టుటయు ఈ తీరమున వాడుక. కంచెకు చెప్పిన నియమములన్నియు ఈ గేట్లకు, తలుపులకు, కటకటాలకు వర్తించును. పుదుచ్చేరి పాలనలోనిదే యైన గోదావరీతీరపు యానామునందును, కోస్తా ఆంధ్రమునందును ఇవియే నియమములు.

పనికి తగిన కాలమును ఎంచుకొనుట మొదటి నియమము. పుదుచ్చేరికి వర్షము ఎక్కువగా ఈశాన్య ఋతుపవనముల వలన, అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియును. 2024 నవంబరు 30వ తేదీన ఫెంగల్ తుపాను ఈ పట్టణ సమీపముననే తీరము దాటినది. అట్టి వానలలో నానిన చెక్క లోపల ఆరుటకు వారములు పట్టును. ఫిబ్రవరి మొదలు మే వరకు గల పొడికాలము ఈ పనికి అనుకూలమైనది.

మొదట చూడవలసినది రంగు

యంత్రమును తెచ్చుటకు ముందే చెక్కపై పాతరంగు ఉన్నదా, లేదా అని చూడవలెను. పూర్వము తెల్లరంగునకు సఫేదాను, పసుపు, ఎరుపు, నారింజ రంగులకు సీసపు లవణములను విరివిగా కలుపుచుండిరి. భారతదేశమున గృహములకు వాడు రంగులలో సీసము పదిలక్షల భాగములకు 90 భాగములు మించరాదను నియమములు 2016లో వెలువడి, 2017 నవంబరు నుండి అమలులోనికి వచ్చినవి. కావున అంతకు పూర్వము వేసిన రంగులో సీసము కలదనియే ఎంచి వ్యవహరించుట క్షేమము. కొత్తరంగు క్రింద పాతపొరలు దాగియుండుట పాత ఇండ్లలో సామాన్యము.

సీసము మెదడునకు, రక్తమునకు, మూత్రపిండములకు హాని చేయును. పెద్దలకంటె పసిపిల్లలు, తాము మ్రింగిన సీసములో నాలుగైదు రెట్లు అధికభాగమును ఒంట పట్టించుకొందురు. వారు నేలపై ప్రాకుచు, చేతులు నోటిలో పెట్టుకొనుచుందురు. గర్భిణి రక్తములోని సీసము గర్భస్థ శిశువునకు చేరును. సీసమునకు హాని చేయని పరిమాణమనునది తెలియరాలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. రక్తములో డెసిలీటరునకు 5 మైక్రోగ్రాములు గాని, అంతకు మించి గాని సీసము ఉన్నచో, అది ఎచటినుండి వచ్చుచున్నదో కనుగొని తొలగించవలెనని ఆ సంస్థ 2021లో సూచించినది.

పాతరంగుగల గేటుపై నీటిధారను చిమ్మినచో పెచ్చులు సన్నని తునుకలై పెరటిమట్టిలో, బావిగట్టున, పొరుగువారి వాకిట పడును. నీరు ఆరిన పిదప అవి ధూళియగును. అందుచేత అట్టి చెక్కకు ప్రెషర్ వాషర్ వాడకూడదు. క్రింద ప్లాస్టిక్ పట్టా పరచి, రంగును నీటితో తడుపుచు చేతిగీకుడు పరికరముతో మెల్లగా తీయవలెను. పొడిగా రాపాడుటయు, మంటతో కాల్చుటయు నిషిద్ధములు. పెచ్చులను పట్టాతోసహా మూటకట్టి, పురపాలకసంఘము వారి సూచన ప్రకారము పారవేయవలెను. పనివారు సన్నని ధూళిని వడకట్టు మాస్కు ధరించవలెను, గుడ్డమాస్కు చాలదు. ఆ బట్టలను ఇంటిబట్టలతో కలిపి ఉతుకకూడదు.

నీటిధార బలము

రంగు లేని చెక్కకును, పాత స్టెయిన్ మాత్రమే ఉన్న చెక్కకును నీటియంత్రము వాడవచ్చును. దాని బలమును ఒక పోలికతో గ్రహింపవచ్చును. కారు చక్రములోని గాలి పీడనము సుమారు 2 బార్లు. చర్మమును భేదించుటకు సుమారు 7 బార్లు చాలును. ఇంటిలో వాడు చిన్నయంత్రమే 100 బార్లకు పైగా చిమ్మును. వృత్తిపనివారి యంత్రములు 150, 200 బార్లను అందుకొనును.

చెక్కకు అంత బలము అక్కరలేదు. మెత్తని చెక్కకు 35 నుండి 40 బార్లు, టేకువంటి గట్టిచెక్కకు 70 బార్లు మించని పీడనము సరిపోవును. ధారను విసనకఱ్ఱవలె వెడల్పు చేయు 25 లేక 40 డిగ్రీల నాజిల్‌ను అమర్చవలెను. సాధారణముగా వీనికి ఆకుపచ్చ, తెలుపు రంగుల గుర్తులుండును. సూదివలె చిమ్ము ఎఱ్ఱగుర్తు నాజిల్ చెక్కపనికి పనికిరాదు. నాజిల్‌ను చెక్కకు ఒక అడుగు దూరమున ఉంచి, నార పోవు దిశలోనే కదలించవలెను. ఒకేచోట నిలిపినచో మెత్తని భాగము లేచిపోయి గాడులు పడును. ఏటవాలు పలకల తలుపులను క్రిందినుండి పైకి కొట్టినచో నీరు ఇంటిలోనికి పోవును. పైనుండి క్రిందికే కడుగవలెను.

చిన్నగాయము, పెద్దముప్పు

ఈ యంత్రము చేయు గాయములలో అతి భయంకరమైనది కంటికి అతి చిన్నదిగా కనబడును. నాజిల్ శుభ్రపరచుచునో, చెక్కముక్కను ఎడమచేత పట్టుకొనియో పనివాడు వ్రేలిని ధారకు అడ్డు పెట్టును. చర్మముపై సూదిపోటంత రంధ్రము పడును. మొదట నొప్పియు అంతగా ఉండకపోవచ్చును. కాని నీరు, మురికి, సబ్బు, సూక్ష్మజీవులు చర్మము క్రింద స్నాయువుల వెంబడి దూరముగా చొచ్చుకొనిపోవును. కొన్ని గంటలలో వాపు పెరిగి రక్తప్రసారము ఆగును. అశ్రద్ధ చేసినచో వ్రేలిని తీసివేయవలసివచ్చును.

కావున ఇట్టి గాయమును గీరుగాయముగా ఎంచకూడదు. పసుపు పూసి, గుడ్డచుట్టి మరల పనిలోనికి దిగుట ప్రమాదకరము. గాయమును పిండకూడదు. చేతిని ఎత్తిపట్టి, ఉంగరములు తీసి, వెంటనే శస్త్రచికిత్స సౌకర్యముగల ఆసుపత్రికి పోవలెను. 108 వాహనమును పిలువవలెను. యంత్రపు పీడనమెంత, నీటిలో ఏమందు కలిపిరి, గాయమెప్పుడు తగిలినది అను మూడు సంగతులను వైద్యునకు చెప్పవలెను. పుదుచ్చేరిలో ఇందిరాగాంధీ ప్రభుత్వ ఆసుపత్రియు, 1823లో ఫ్రెంచివారు నెలకొల్పిన వైద్యపాఠశాలనుండి పెరిగిన జిప్‌మర్ సంస్థయు గలవు. ఆలస్యమే ఇచట శత్రువు.

నివారణము సులభము. కండ్లకు అద్దములు, కాళ్లకు గట్టి బూట్లు, చేతులకు చేతొడుగులు ధరించవలెను. అయినను చేతొడుగు ధారను ఆపలేదని ఎరుగవలెను. నాజిల్ మార్చుటకు ముందు యంత్రమునాపి, మీట నొక్కి మిగిలిన పీడనమును విడిచివేయవలెను. నిచ్చెనపై నిలిచి ధారను విడువకూడదు. దాని వెనుదోపు మనిషిని పడద్రోయును. పిల్లలను, పశువులను పనిచోటికి దూరముగా ఉంచవలెను.

మందులు, పొగ, విద్యుత్తు

నాచును చంపుటకు కొందరు బ్లీచింగ్ ద్రావణమును, ఇనుపమేకుల వలన టేకుపై పడిన నల్లమచ్చలకు ఆక్సాలిక్ ఆమ్లమును వాడుదురు. ఈ రెంటిని ఎన్నడును కలుపకూడదు. కలిసినచో క్లోరిన్ వాయువు పుట్టి ఊపిరితిత్తులను కాల్చును. ఒకటి వాడిన పిదప చెక్కను మంచినీటితో బాగుగా కడిగిననే గాని రెండవదానిని తాకరాదు. ఆక్సాలిక్ ఆమ్లము మ్రింగినచో మూత్రపిండములు చెడును గనుక దానిని నీళ్లసీసాలలో దాచకూడదు.

పెట్రోలు యంత్రమునుండి కార్బన్ మోనాక్సైడ్ వెలువడును. దానికి రంగులేదు, వాసనలేదు. నాలుగువైపుల గదులున్న పాత ఇంటి మండువాలో అట్టి యంత్రమును నడుపరాదు. దానిని వీధిలోనుంచి గొట్టమును మాత్రమే లోనికి తేవలెను. తలనొప్పి, వాంతి, తూలుట కనిపించినచో మనిషిని వెంటనే బయటి గాలికి చేర్చి వైద్యసహాయము పొందవలెను. విద్యుత్ యంత్రమునకు భూసంబంధము, 30 మిల్లీఆంపియర్ల లీకేజికి కరెంటును తెంచు రక్షణమీట తప్పక ఉండవలెను. తీగల అతుకులు తడినేలపై పడియుండకూడదు.

ఆరుట, రంగు వేయుట

కడిగిన చెక్క కనీసము రెండు మూడు దినములు ఆరవలెను. తీరపుగాలిలో ఇంకను ఎక్కువకాలము పట్టవచ్చును. తేమమాపకమున్నచో 15 శాతము లోపల చూపవలెను. లేనియెడల నాలుగు నీటిబొట్లు చల్లిచూడవచ్చును: అవి ఇంకిపోయినచో చెక్క సిద్ధము, ముత్యములవలె నిలిచినచో ఇంకను ఆరవలెను, లేదా పాతపూత మిగిలియున్నదని తెలియును. తడిచెక్కపై వేసిన రంగు త్వరలో ఊడును. మరల గీకుట, మరల ధూళి తప్పవు.

లేచిన నారను గరుకుకాగితముతో తేలికగా రుద్దునప్పుడును మాస్కు అవసరము. చెక్కధూళి ముక్కులోపల క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ నిర్ధారించినది. అవిసెనూనె గల స్టెయిన్ తుడిచిన గుడ్డలు కుప్పగా పడియున్నచో వానియంతట అవియే వేడెక్కి మండును. వానిని నీటిలో తడిపి, మూతగల లోహపుడబ్బాలో వేయవలెను.

చివరగా, డ్రమ్ములలో, పట్టాల మడతలలో నిలిచిన నీటిని పారబోయవలెను. డెంగీ దోమ అట్టి కొద్దినీటిలోనే గ్రుడ్లుపెట్టును.

ఇంటియజమాని అడుగవలసినవి

పని ఒప్పుకొనుటకు ముందు యజమాని పనివానిని నాలుగు ప్రశ్నలడుగవలెను. పాతరంగును పరిశీలించితివా? ఎంత పీడనము వాడుదువు? ఏ మందు కలుపుదువు? పెచ్చులను, మురికినీటిని ఎచట చేర్చుదువు? వీనికి సరియైన సమాధానములు చెప్పు పనివాడు ఒకదినము ఎక్కువ అడిగినను ఇయ్యవలెను. కూలి తగ్గునని తొందరపెట్టినచో ఆ మిగులు పనివాని వ్రేలినుండియో, ఇంటిబిడ్డ రక్తమునుండియో వచ్చినదగును. కంచె ఇంటిని కాచుటకు గదా! దానిని కడుగు పని ఇంటివారికి గాని, కడుగువానికి గాని కీడు తేకుండునట్లు చూచుకొనుట అందరి విధి.